చూరులో ఆరె

మా ఇంట్లో ఒక ఆరె ఉంది. తోలుకు చిల్లి పెట్టే ఇనుప మొన, దానికి దున్నపోతు కొమ్ముతో చేసిన పిడి. మా ముత్తాత చేతి పనిముట్టది. బొటనవేలు ఆనే చోట కొమ్ము అరిగి సొట్టపడి ఉంటుంది. నా వేలు ఆ సొట్టలో సరిగా కూర్చోదు. ఆయన చెయ్యి నా చేతికన్నా చాలా పెద్దదని తెలుస్తుంది.

శనివారం పొద్దుగూకే వేళకు ఆయన ఆ ఆరెను ఇంటి చూరులో, తాటాకుల సందున గుచ్చేవాడట. మళ్లీ సోమవారం కోడి కూసేదాకా తీసేవాడు కాదట. చిన్నప్పుడు నేను దానితో ఆడబోతే మా అవ్వ వారం అడిగి మరీ ఇచ్చేది. "ఇయ్యాల ఆదివారం గదా, ముట్టమాక" అనేది. అప్పటికి ముత్తాత పోయి ముప్పై ఏళ్లు దాటింది. మా ఇంట్లో తోలు పని చేసేవాళ్లూ లేరు. అయినా ఆరెకు ఆదివారం సెలవు సెలవే.

ట్రెయినింగ్ కాలేజీలో చదువుకునే రోజుల్లో ఒక వేదాంత పుస్తకం నా చేతికొచ్చింది. క్రైస్తవ విశ్వాసంలో దేవుని లక్షణాలేమిటో అందులో వరసగా రాశారు. సర్వశక్తుడు, సర్వజ్ఞుడు, సర్వవ్యాపి, నిత్యుడు, మార్పులేనివాడు, పరిశుద్ధుడు, త్రియేకుడు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని అవన్నీ అవ్వకు చదివి వినిపించాను. ఆమెకు అక్షరం ముక్క రాదు. చింతపండు గింజలు తీస్తూ అంతా విని, "అయ్యన్నీ నిజమే నాయనా, గుణం చెప్పలేదే?" అంది.

పెళ్లి సంబంధానికి వెళ్లొచ్చినవాళ్లను మన ఊళ్లల్లో అడిగే మాటే అది. ఆస్తి ఎంత, చదువెంత, ఒడ్డూపొడుగూ ఎట్లా ఉంది, ఇవన్నీ అయ్యాక చివరికి, పిల్లాడి గుణం ఎట్లాంటిది? ఆ మాటకు జవాబు దొరికితేనే పిల్లనివ్వడం. అవ్వ దేవుణ్ణీ అట్లాగే అడిగింది. ఆ గుణం గుండ్లకమ్మ ఒడ్డు మాదిగపల్లెల్లో మా వాళ్లకు ఎట్లా తెలిసిందో నాకు తెలిసినంతమేరకు రాయాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను.

దేవుడొక్కడే అనే మాట మా వాళ్లకు పాదిరి దొరలు తెచ్చింది కాదు. ఈ సంగతి మా చర్చీల్లో తక్కువగా చెప్పుకుంటాం, కాని చెప్పుకోవాలి. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అనే దొరసాని మా మాదిగ పెద్దల నోట విన్న కథలన్నీ కూర్చి 1899లో ఒక పుస్తకం వేసింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కథలని దాని పేరుకు అర్థం. అందులో మాతంగి కథ ఉంది, అరుంధతి కథ ఉంది. వాటితోపాటు బండికట్ల వీరమ్మ అనే గురువమ్మ, పోతులూరి వీరబ్రహ్మం, యోగి నాసరయ్య కూడా ఉన్నారు. రూపం లేని దేవుడు ఒకడున్నాడని, ఆయన కోసం రాతిబొమ్మ దగ్గరికి పోనక్కర్లేదని, లోపలే వెతుక్కోమని చెప్పిన గురువులు వీళ్లు. పల్లెలో పగలంతా లంద దగ్గర తంగేడు చెక్క నీళ్లల్లో తోలు తొక్కి, రాత్రి దీపం ముందు రాజయోగం నేర్చుకున్న మనుషులు ఉన్నారన్నమాట. చదువు రానంత మాత్రాన వాళ్లకు ఆలోచన లేదనుకోవడం పెద్ద పొరపాటు.

యెర్రగుంట్ల పేరయ్య అట్లాంటివాడే. తోళ్ల వ్యాపారం చేసేవాడు. వీరమ్మ దగ్గర యోగం నేర్చాడు, తానూ కొందరికి గురువయ్యాడు. వ్యాపారం పని మీద ఉత్తరానికి ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి పాదిరి నోట క్రీస్తు కబురు విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. అదే ఏడు జాన్ ఎవరెట్ క్లౌ అనే బాప్తిస్టు పాదిరి ఒంగోలు వచ్చాడు. అమెరికాలో కుర్రతనంలో భూముల సర్వే పని చేసినవాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఆ నెలలోనే పేరయ్య పిలవగా, ఒంగోలుకు పడమర నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు వెళ్లి క్లౌ దొర డేరా వేశాడు. ఐదు రోజుల్లో 28 మంది బాప్తిస్మం పొందారు. దొర వెళ్లేసరికే వాళ్ల మనసులు సిద్ధంగా ఉన్నాయి. దుక్కి దున్నింది పేరయ్య.

మరి దేవుడొక్కడేనని అప్పటికే తెలిసిన పేరయ్యకు ఏం కొత్తగా కనబడింది? నేను చాలాకాలం ఆలోచించిన ప్రశ్న ఇది. నాకు దొరికిన జవాబు ఒకటే. యోగంలో మనిషి దేవుణ్ణి వెతుక్కుంటూ పోవాలి. శ్వాస పట్టాలి, మనసు నిలపాలి, ఏళ్లకేళ్లు సాధన చెయ్యాలి. పేరయ్య ఏలూరులో విన్న కబురులో వెతికేవాడు దేవుడు. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదినీ విడిచి దానికోసం పోయే కాపరి కథ యేసు చెప్పాడు. గొర్రెకు సాధన ఏముంది? అది ముళ్లపొదలో చిక్కుకుని అరుస్తుంది, అంతే. వెతికే పనంతా కాపరిది.

కోస్తాలో ఊరి నడవడి తెలిసినవాళ్లకు ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఊళ్లో ఆసామి పల్లెకు ఎప్పుడూ వచ్చేవాడు కాదు. పని పడితే వెట్టివాణ్ణి పంపేవాడు. వాడొచ్చి పల్లె మొగదల నిలబడి కేకేసేవాడు. ఆసామి చెప్పు తెగినా, మోట బాన చిరిగినా, గొడ్డు చచ్చినా వచ్చేది కబురే. మనిషి వచ్చేవాడు కాదు. ఊరికి పైన ఇంకా పెద్దవాళ్లుండేవాళ్లు, కరణం, తాసీల్దారు, కలెక్టరు. ఎంత పెద్దవాడైతే అంత దూరం. అందరికన్నా పెద్దవాడైన దేవుడు ఇంకెంత దూరంలో ఉండాలి?

సామాన్యశకం 325లో నైసియా అనే ఊళ్లో, ఇప్పటి టర్కీ దేశంలో, క్రైస్తవ పెద్దలంతా కూడి సరిగ్గా ఈ మాట మీదే కొట్లాడుకున్నారు. చక్రవర్తి కాన్‌స్టంటైన్ పిలిచిన సభ అది. అలెగ్జాండ్రియా పాదిరి ఏరియస్ యేసు గొప్పవాడే గాని దేవుడు సృష్టించినవాడే, దేవుడితో సమానుడు కాదని బోధించాడు. సభ కాదంది. తండ్రీ కుమారుడూ ఒకే సారం అని గ్రీకులో ఒక మాట పెట్టి విశ్వాస ప్రమాణం రాసుకున్నారు. ఆ మాట చుట్టూ ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి గొడవ నడిచింది. చదువుకునే రోజుల్లో అదంతా నాకు తల పండిన పండితుల తర్కంగానే కనబడింది. పేరయ్య కాలం నాటి పల్లెను దృష్టిలో పెట్టుకుని మళ్లీ చదివితే ఒళ్లు ఝల్లుమంది. అక్కడ తేల్చుకున్నది ఆసామే వచ్చాడా, వెట్టివాణ్ణి పంపాడా అన్న సంగతి. ఏరియస్ చెప్పింది నిజమైతే పల్లెకు వచ్చింది కబురు మాత్రమే. మా అవ్వకు నైసియా పేరు తెలియదు. గుణం చెప్పలేదేం అని అడిగిన రోజే, మరి నువ్వు చెప్పవ్వా అంటే ఆమె ఇంత మాత్రం అంది: "ఆయన మనిషిని పంపిచ్చి ఊరుకోలా. ఆయనే వచ్చాడు." నైసియా సభ చెప్పిందీ అదే.

పోలేరమ్మ కొలుపుల మాట కూడా చెప్పుకోవాలి. ఊరికి మశూచి వచ్చినా, వానలు తప్పినా దున్నపోతును బలిచ్చేవాళ్లు. నరికే పని మాదిగవాడిది. నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిగా పొలిమేర చుట్టూ చల్లే పనీ మా వాళ్లదే. డప్పు మాది, కత్తి మాది. ఊరి భయమంతా తీర్చే పని మాది, గుడి గడప మాత్రం మాది కాదు. మా ముత్తాత తండ్రి ఆ కత్తి పట్టినవాడని అవ్వ చెప్పేది. అమ్మవారి పేరెత్తితే ఆమె గొంతు తగ్గేది. ఎగతాళిగా ఒక్క మాట అనేది కాదు, నన్నూ అననిచ్చేది కాదు. మీ ముత్తాతలు కొలిచిన తల్లిరా అనేది. కాని బలి సంగతి దేవుని గొర్రెపిల్ల అయిన యేసు దగ్గరికి వచ్చేసరికి మా వాళ్లకు వివరించి చెప్పాల్సిన అవసరమే రాలేదనుకుంటాను. వేడి నెత్తురు చేతుల మీద పడ్డ మనిషికి, ఇక బలి వద్దు, ఇచ్చేవాడే తన్ను తాను ఇచ్చుకున్నాడు అంటే, ఆ మాట బరువు పట్నం చదువులు చదివినవాళ్లకన్నా బాగా తెలుస్తుంది.

సంఘంలో చేరేవాళ్లకు క్లౌ దొర పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే ఇవి నిషేధాలు. వీటివల్ల పల్లెల్లో ఏం జరిగిందో చూస్తే అవే దేవుని గుణాన్ని చెప్పిన పాఠాలు.

ఆదివారం సంగతే తీసుకుందాం. అప్పట్లో మాదిగవాడి పనికి వారం వర్జ్యం లేదు. ఊరికి చెప్పులు, మోట బానలు, ఎద్దుల కాడికి తోలుపట్టెలు ఏడాది పొడుగునా ఇవ్వాలి. దానికి కూలి కోతల కాలంలో కళ్లంలో కొలిచిచ్చే మేర. మధ్యలో ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి. ఫలానా రోజు రాను అనే హక్కు ఉంటుందని కూడా తెలియని బతుకు. అట్లాంటి మనిషి మొదటిసారి ఆదివారం పొద్దున, ఇయ్యాల పని చెయ్యనయ్యా, మా దేవుడు సెలవిచ్చాడు అన్నాడు. ఊరు అదిరిపోయింది. ఒకరోజు చెప్పు ఆలస్యమైతే ఊరికి వచ్చిన నష్టం కొంచెమే. ఆసామి మాటకు పైన ఇంకొకరి మాట ఉందని మాదిగవాడు నోటితో అనడాన్ని ఊరు ఓర్చుకోలేకపోయింది. కొన్ని ఊళ్లల్లో పని మాన్పించారు, నీళ్లకు రానివ్వలేదు, కొట్టారు. చచ్చిన గొడ్డును ముట్టం అన్నందుకూ అదే శిక్ష.

బైబిల్లో విశ్రాంతి దినం ఆజ్ఞ రెండు చోట్ల వస్తుంది. నిర్గమకాండంలో చెప్పిన కారణం, దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడని. ద్వితీయోపదేశకాండంలో కారణం వేరు. మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, ఆ సంగతి మరిచిపోవద్దు, మీ దాసుడూ దాసీ కూడా మీలాగే విశ్రమించాలి అని. ఫరో ఇటుకల లెక్క అడిగాడు, సెలవివ్వలేదు. ఇటుకల బట్టీలోంచి బయటికి తెచ్చిన దేవుడు ముందుగా సెలవిచ్చాడు. మా ముత్తాత ఈ రెండు అధ్యాయాలనూ పక్కపక్కన పెట్టి చదివి ఉండడు. చూరులో ఆరె గుచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకుని, ఎవరూ కేకెయ్యని ఒక పగలు గడిపాడు. దేవుడు తనకు పనివ్వడానికి పిలవలేదని, పనిలోంచి పిలిచాడని ఒళ్లు తెలుసుకుంది.

ఇక్కడ ఒంగోల్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. మొదట్లో క్లౌ దొర బడికి బ్రాహ్మణ పిల్లలు వచ్చేవాళ్లు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అని పెద్దలు చెప్పారు. పై కులాలు ముందు వస్తే కింద కులాలు వాటంతటవే వస్తాయని అప్పట్లో చాలామంది పాదిర్ల లెక్క. దొర ఎటూ తేల్చుకోలేక ఆ రాత్రి ప్రార్థన చేసి ఒక బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం కనబడింది. లోకం నీచమని తోసేసిన వాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడు అనే భాగం. పక్క గదిలో ఆయన భార్య విడిగా ఇంకో బైబిలు తెరిస్తే ఆమెకూ అదే పుట. తర్వాత ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పుకున్న సంగతి ఇది. పిల్లలు బడి మానేశారు, మాదిగలు సంఘంలోకొచ్చారు. ఆ రాత్రి ఆ ఇంట్లో నిర్ణయమైంది సంఘంలో ఎవరిని చేర్చుకోవాలన్న సంగతి ఒక్కటే కాదని నేననుకుంటాను. దేవుని చూపు ముందు ఎటు పడుతుందన్నది కూడా అక్కడే తేలింది. ఆయన పక్షపాతి కాడని వాక్యం. కాని తక్కెడలో ఒక సిబ్బి అప్పటికే నేలకు తాకి ఉంటే, న్యాయం చేసేవాడి చెయ్యి ఎటు పోతుంది?

ధాత కరువు మా వైపు ముసలివాళ్లు నిన్నటి సంగతిలాగా చెప్పుకునేవాళ్లు. 1876లో వానలు తప్పాయి, 1877లోనూ తప్పాయి. మద్రాసు రాజధాని అంతటా లక్షలమంది పోయారు. తోలు పనివాడికి కరువు రెండు దెబ్బలు కొడుతుంది. మేర ఇచ్చే కళ్లం ఉండదు, పశువులన్నీ ఒక్కసారే చచ్చి తోలుకు ధర ఉండదు. సర్కారు అప్పట్లో బకింగ్‌హాం కాలవ తవ్విస్తోంది. కుర్రతనంలో నేర్చిన సర్వే పని క్లౌ దొరకు ఇక్కడ అక్కరకొచ్చింది. ఒంగోలుకు తూర్పున సుమారు మూడు మైళ్ల కాలవ కంట్రాక్టు తనే తీసుకున్నాడు. పల్లెల వాళ్లను రమ్మన్నాడు. మగవాళ్లు పలుగూ పారా పట్టారు, ఆడవాళ్లు తట్టలు మోశారు. కూలి రోజువారీ చేతిలో పడింది. బోధకులు మేస్త్రీలయ్యారు. సాయంత్రం మన్నుకొట్టుకుపోయిన మనుషులు గట్టు మీద కూలబడితే పక్కన కూర్చుని వాక్యం చెప్పారు. మా ముత్తాతకప్పుడు పదిహేడు, పద్దెనిమిదేళ్లు. ఆ గట్టు మీద విన్నవాటిల్లో ఆయన పట్టుకున్నది ఒక్కటే, బరువు మోసి అలసినవాళ్లను తన దగ్గరికి రమ్మన్న యేసు పిలుపు. నెత్తి మీద తట్ట ఉన్నవాడికి ఆ మాట ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

కూటికోసం మతం మారారు అనే మాట మా వాళ్లు ఇప్పటికీ పడుతూనే ఉన్నారు. దానికి జవాబు ఆ కాలపు లెక్కల్లోనే ఉంది. కరువు నడిచినన్నాళ్లూ, పదిహేను నెలలపాటు, క్లౌ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లను కూడా ఆగమన్నాడు. కూలికి, బాప్తిస్మానికి ముడిపెట్టలేదు. 1878లో సహాయం పంచడం అయిపోయాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పాక, అప్పుడొచ్చారు జనం. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536.

జులై 3 సంగతి అవ్వ తన మామగారి నోట విన్నది విన్నట్టు చెప్పేది. తెల్లారేసరికి నది ఒడ్డంతా జనం. నీళ్లల్లో దిగి ముంచినవాళ్లు దొరలు కారు, ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కో విడతకు ఇద్దరు, వాళ్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు. ఎండ ముదిరాక కాసేపు ఆపి, మళ్లీ మొదలుపెట్టి పొద్దుగూకేదాకా సాగింది. ఒడ్డున కాగితాలు పట్టుకుని పేర్లు చదివారు. అవ్వ కథంతా ఆ పేర్ల దగ్గర ఆగేది. ఊళ్లో ఎవరూ మా వాళ్లను నిండు పేరుతో పిలిచింది లేదు. ఓరేయ్, ఒసేయ్, లేదంటే పేరు సగానికి విరిచి పిలవడం. ఆ రోజు రెండువేల పైచిలుకు పేర్లు, ఒక్కొక్కటీ, పూర్తిగా, పదిమందీ వినేట్టు చదివారు. "మీ ముత్తాత తన పేరు అంత పెద్దగా వినడం అదే మొదలంట. ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని ఎనక్కి తిరిగి చూశాడంట" అనేది అవ్వ. కాపరి తన గొర్రెల్ని పేరుపెట్టి పిలుస్తాడని యోహాను సువార్తలో ఉంది. ఆ చోటు వచ్చినప్పుడల్లా నాకు వెనక్కి తిరిగి చూస్తున్న ఒక పద్దెనిమిదేళ్ల పిల్లవాడు కనబడతాడు.

నేను తెలుగు పండితుణ్ణి కాబట్టి మాటల దగ్గర కాస్త ఆగుతాను. దేవుని గుణం మా పల్లెకు చేరింది తెలుగు మాటల్లోనే గదా. ఆ మాటలు ఒక్కరోజులో కుదరలేదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి మద్రాసులో ఉంటూ 1732 నాటికి బైబిలంతా తెలుగు చేశాడు, అది అచ్చు కాలేదు. స్వదేశం వెళ్లాక హాలే పట్టణంలో 1746, 47ల్లో తెలుగు లిపిలో చిన్న చిన్న మత పుస్తకాలు అచ్చువేయించాడు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, దే గ్రాంజ్ అనే పాదిర్లు, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు కలిసి చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ తర్వాత విశాఖలోనే జాన్ హే, నెల్లూరులో లైమన్ జూయెట్, ఇంకా ఎందరో తరతరాలుగా దిద్దారు. దేవుడు అనాలా, సర్వేశ్వరుడు అనాలా? కతోలికులు ఈనాటికీ సర్వేశ్వరుడంటారు. మా వాళ్లకు దేవుడే.

నిర్గమకాండం 34వ అధ్యాయంలో, ప్రజలు బంగారు దూడను చేసుకుని తప్పిపోయాక, దేవుడు మోషే ముందు తన గుణం తానే చెప్పుకుంటాడు. అవ్వ అడిగిన జవాబు అక్కడుంది. మా బైబిల్లో ఆ మాటలు కనికరం, దయ, దీర్ఘశాంతం, కృప, సత్యం. హీబ్రూలో కనికరానికి వాడిన మాట స్త్రీ గర్భాన్ని చెప్పే మాటకు చుట్టం. తెలుగులో మనం కడుపుతీపి అంటామే, అదే. దీర్ఘశాంతం ఇంకా ముచ్చటైనది. హీబ్రూలో దానికి అక్షరాలా అర్థం ముక్కు పొడుగువాడు అని. ఆ భాషలో ముక్కుకీ కోపానికీ మాట ఒకటే. ముక్కు పొడుగైతే కోపం రావడానికి ఆలస్యమవుతుందన్నమాట. మన తెలుగువాళ్లం ముక్కుమీద కోపం అంటాం. ముక్కుమీద కోపం ఉన్న ఆసాముల మధ్య పుట్టి పెరిగిన మా అవ్వకు ఈ సంగతి చెప్తే నోట కొంగు పెట్టుకుని నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకుంది.

కనికరం మాటకు ఆమె దగ్గర వేరే చరిత్ర ఉంది. కోతలప్పుడు కూలి గింజల కోసం కళ్లం పక్కన నిలబడి, కనికరించండయ్యా అని ఆమె అడిగిన మాటే అది. కూలి కొలిచే కుంచం ఒకటి, అప్పు వసూలుకు కొలిచే కుంచం ఇంకొకటి. రెండోది పెద్దది. కనికరం అడుక్కుంటే దొరికేదని ఆమె బతుకు నేర్పింది. అడక్కముందే ఉండే కనికరం, దేవుడు తన పేరులాగా చెప్పుకున్న కనికరం, ఆమెకు వాక్యంలోనే కనబడింది. ఇంట్లో రెండు రకాల కొలతలు పెట్టుకునేవాడంటే దేవుడికి అసహ్యమని ద్వితీయోపదేశకాండంలో రాసి ఉందని ఒక ఆదివారం పాస్టరుగారు చదివితే, ఆ వారమంతా ఆమె కనబడినవాళ్లందరికీ చెప్పింది. "కుంచం సంగతి కూడా ఆయనకు తెలుసంట!" దోషిని నిర్దోషిగా విడిచిపెట్టడని ఆ నిర్గమకాండం మాటల చివర ఉంటుంది. ఈ రోజుల్లో ప్రసంగాల్లో ఆ చివరి భాగం చప్పుడు లేకుండా దాటేస్తారు. దాటకూడదు. కుంచంలో మోసపోయిన మనిషికి, న్యాయం అడగని దేవుడి ప్రేమ ఏం ఆసరా?

ఇంకొక చిన్న మాట, నువ్వు. ఊళ్లో పాలుతాగే పిల్లవాణ్ణి కూడా అవ్వ అయ్యా, తమరు అనాలి. పోలేరమ్మను నువ్వు అనేది, అది తల్లితో చనువు. మగవాడు, రాజు, న్యాయాధిపతి అయిన ఒక పెద్దవాణ్ణి నువ్వు అని పిలిచే చోటు ఆమెకు ప్రార్థన ఒక్కటే దొరికింది. "నాయనా, నువ్వు చూస్తన్నావు గదా" అని మొదలుపెట్టేది. నాయనా అనేది మా వైపు కన్నతండ్రినీ, కడుపున పుట్టిన కొడుకునూ, ఇద్దరినీ పిలిచే పిలుపు. ఆమె ఏ నాయనను పిలుస్తున్నదో గొంతునుబట్టి తెలిసేది.

ఇంత చెప్పి, జరగనివి దాచడం సరికాదు. ఒంగోలు బాప్తిస్టు సంఘాల్లో ఎక్కువగా మాదిగలు, గుంటూరు లూథరన్ సంఘాల్లో ఎక్కువగా మాలలు. ఒకే తండ్రి అని పాడుకుంటూనే రెండు పల్లెల మధ్య పెళ్లి సంబంధాలు కలుపుకోలేకపోయాం. ఆయన వచ్చినంత దూరం మేం ఒకరి దగ్గరికి ఒకరం పోలేదు. ఇది నన్ను వయసు పెరిగేకొద్దీ ఎక్కువ బాధిస్తున్న సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులంవాడు కాడు. ఆంధ్రలో, తెలంగాణలో బీసీ-సీలో వేస్తారు. అందుకని మా బంధువుల్లో ఎంతోమందికి రెండు పేర్లు, రిజిస్టరులో ఒకటి, చర్చిలో ఒకటి. 1878లో నది ఒడ్డున పదిమందీ వినేట్టు చదివిన పేర్ల మునిమనవలు, ఉద్యోగం దరఖాస్తులో దేవుణ్ణి రాయాలా వద్దా అని కలం పట్టుకుని ఆగిపోతున్నారు. వాళ్లను నేను తప్పుపట్టలేను. ఆ రెండో పేరును దేవుడు తప్పుపడతాడని కూడా అనుకోను. పల్లెను, ఊరును విడదీసిన గీత ఇంకా చెరగలేదు. ఆ గీత దాటి వచ్చినవాడికి దాని సంగతి తెలుసు.

అవ్వ పోయి యాభై ఏళ్లవుతోంది. పాత ఇంటి చోట ఇప్పుడు డాబా ఉంది, దానికి చూరు లేదు. ఆరెను బీరువాలో బైబిలు పక్కన పెట్టాను. మొన్న వేసవి సెలవుల్లో మనవరాలు బీరువా తీసి దాన్ని పట్టుకుంది. కొమ్ము పిడి మీది సొట్టలో తన చిన్న వేలు పెట్టి అటూ ఇటూ తిప్పుతూ, దీంతో చెప్పు ఎట్లా కుడతారు తాతా, చూపించు అంది. పాత తోలుముక్క ఒకటి ఉంది, చూపించవచ్చు. గోడ మీది క్యాలెండరు చూశాను. రేపు చూపిస్తానన్నాను. ఈ రోజెందుకు కాదని అడుగుతూ పక్కన కూర్చుంది, చెప్పడం మొదలుపెట్టాను.